కన్నీళ్ళకు రేటు కట్టే వ్యాసాలు

ప్లస్ టూ విద్యార్థిని, హోసూరు

అమెరికాలో డిగ్రీ చదవాలంటే మార్కులతో పాటు వ్యాసాలు కూడా రాసి పంపాలని మన బడిలో చాలామందికి తెలీదు. తెలిసిన కొద్దిమందికీ అది తలకిందులుగా తెలిసింది. "వ్యాసమే కదా, ఎవరిచేతనో రాయించేస్తే పోయె" అనేది వాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పనీ, అందరికంటే ఎక్కువగా మనలాంటి పిల్లలకే దానివల్ల నష్టమనీ చెప్పడానికి ఇది రాస్తున్నాను. హోసూరు తెలుగు మీడియం బడి నుంచి అమెరికాకు పోయేవాళ్ళెందరని మీరు నవ్వొచ్చు. నవ్వండి, కాకపోతే మొత్తం చదివి నవ్వండి.

ముందు సంగతేమిటో చూద్దాం. అక్కడ వెయ్యికి పైగా కాలేజీలు 'కామన్ యాప్' అనే ఒకే దరఖాస్తును తీసుకుంటాయి. 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ఏర్పాటు అది. అందులో 650 మాటలు మించకుండా ఒక పెద్ద వ్యాసం ఉంటుంది. అది ఎన్ని కాలేజీలకు పెట్టినా ఒకటే. దానిపైన ఒక్కో కాలేజీ తన ప్రశ్నలు తాను విడిగా అడుగుతుంది. వీటినే సప్లిమెంటల్ వ్యాసాలంటారు. మన మాటలో అనుబంధ వ్యాసాలనుకోండి. పేరుకు అనుబంధమే గానీ కష్టమంతా ఇక్కడే ఉంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు, రేపు నీతో గదిలో ఉండబోయే మనిషికి 250 మాటల్లోపల నీ గురించి రాయమంటారు. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వేరే దరఖాస్తు ఉంది. ఎనిమిది ప్రశ్నలిచ్చి ఏవైనా నాలుగింటికి, ఒక్కోదానికి 350 మాటల్లో జవాబు రాయమంటారు. ఎం.ఐ.టి.ది ఇంకో సొంత దరఖాస్తు. వాళ్ళ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: కేవలం నీ సంతోషం కోసమే చేసే పని ఏదైనా ఉంటే చెప్పు. చికాగో విశ్వవిద్యాలయమైతే తిక్క ప్రశ్నలకు పేరుపడింది. ఒక ఏడాది "ఇంతకీ వాల్డో ఎక్కడున్నాడు?" అని అడిగారు. వాల్డో అంటే పిల్లల బొమ్మల పుస్తకాల్లో గుంపులో దాక్కునే ఎర్రచారల చొక్కా మనిషి. ఇలాంటి ప్రశ్నకు గైడు ఎవడు రాస్తాడు చెప్పండి?

గైడు కాదు, ఏకంగా అంగడే పెట్టారు.

మా పెదనాయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు. పోయిన ఏడాది వాణ్ణి ఒక కన్సల్టెన్సీకి తీసుకుపోయారు. దాని పేరు నాకు అవసరం లేదు, అలాంటివి వీధికొకటి ఉన్నాయి. అక్కడ కూర్చున్న మేడం మార్కులు చూసి అడిగిన మొదటి ప్రశ్న ఏదో తెలుసా? "ఇంట్లో ఏదైనా ట్రాజెడీ ఉందా?" వీడు తెల్లమొహం వేశాడు. మా పెదనాయన పక్కనే కూర్చొని ఉన్నాడు, గుండ్రాయి మాదిరి. "పోనీ, తాత నానమ్మల్లో ఎవరైనా? క్యాన్సర్ లాంటిది? వరదల్లో ఇల్లు పోవడం?" అని ఆమె వరసగా అడుగుతూ పోయిందట. ఏమీ లేదంటే మొహం చిన్నబోయిందట. చివరికి వీడు కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసు దొరక్క చెట్టెక్కి ఫోను పట్టుకొని చదివినట్టు ఒక కథ తయారయింది. వాళ్ళది మూడో అంతస్తు ఫ్లాటు. అందులో చెట్టు సంగతి దేవుడెరుగు, తులసికోట కూడా లేదు! ఒక్కో వ్యాసానికి ఒక్కో రేటు, అన్నీ కలిపి తీసుకుంటే 'ప్యాకేజీ'.

వాడు ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ చెట్టు నిజంగా ఎక్కిన పిల్లలు మన బడిలో ఉన్నారు. కొండపక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళను అడగండి, ఏ చెట్టు కింద సిగ్నలు వచ్చేదో ఇప్పటికీ చెబుతారు. వాళ్ళ కథను డబ్బున్నవాడు కొనుక్కుపోయాడు. రేపు మనలో ఒకరు అదే నిజం రాసి పంపితే, చదివేవాళ్ళు "ఈ చెట్టు కథ ఇదివరకే వంద చూశాం" అని పక్కన పెడతారు. దొంగ నోట్లు ఎక్కువయితే నష్టపోయేది మంచి నోటు చేతిలో పెట్టుకున్న పేదవాడే కదా.

ఈ దారిలో కాస్త దూరం పోతే ఎక్కడ తేలుతామో కూడా చూశాం. పెన్సిల్వేనియాలో లీహై విశ్వవిద్యాలయం ఉంది. మన దేశం నుంచి పోయిన ఒక విద్యార్థి అక్కడ సీటు, సాయం దొరకడానికి దొంగ కాగితాలు పెట్టాడని 2024లో బయటపడింది. ఆ కాగితాల్లో ఒకటి తండ్రి మరణ ధృవీకరణ పత్రం. తండ్రి బతికే ఉన్నాడు. ఆ కుర్రవాడు కోర్టులో తప్పు ఒప్పుకొని, చదువు పోగొట్టుకొని, తిరిగి ఇండియాకు వచ్చాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ అబ్బాయి మీదకంటే, 'ఇంట్లో ట్రాజెడీ ఉందా' అని అడిగేవాళ్ళ మీద ఎక్కువ కోపం వచ్చింది. బతికున్న నాయనను కాగితం మీద చంపాలన్న ఆలోచన ఊరికే పుట్టదు. ఏడుపుకు రేటుందని ఎవరో ఒకరు చెబితేనే పుడుతుంది.

డబ్బున్నవాళ్ళు ఇంకోరకంగా చేస్తారు. 2019లో అమెరికాలోనే పెద్ద కుంభకోణం బయటపడింది. రిక్ సింగర్ అనే సలహాదారుడు ధనవంతుల పిల్లలకు పరీక్షలు మార్చి రాయించాడు, ఆడని ఆటల్లో ఆటగాళ్ళని దొంగ వివరాలు పుట్టించాడు. యాభైమందికి పైగా మీద కేసులు పడ్డాయి. అతనికి 2023లో మూడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది. మోసం మన ఊళ్ళకే పరిమితం అనుకునేవాళ్ళకు ఈ మాట.

నేను కష్టాలు రాయొద్దని అనడం లేదు. ఉన్నవాళ్ళు, రాయాలనిపిస్తే, రాయనీ. నా క్లాసులో ఒక అమ్మాయికి నాయన లేడు. ఆమె ఆ సంగతి ఎక్కడా రాయదు. "అది నా ఇంటి విషయం, కాలేజీకి ఏల చెప్పాల?" అంటుంది. ఆమె మాట నాకు ఏ కన్సల్టెన్సీ మాటకన్నా గొప్పగా కనిపిస్తుంది. పదిహేడేళ్ళ పిల్లను నీ గాయం చూపిస్తేనే సీటు అని బెదిరించే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. అయివార్లు కోప్పడకూడదు. వ్యాసం కొనుక్కునే బుద్ధి మన పిల్లలకు హైదరాబాదులో రాలేదు, ఆరో తరగతిలోనే వచ్చింది. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మూడు గళ్ళు గీసి, 'పర్యావరణ పరిరక్షణ' కింద బోర్డు మీద రాసింది ఎక్కించుకొని, అదే పరీక్షలో దించితే పదికి తొమ్మిది. సొంతంగా ఒక మాట రాస్తే ఎర్ర గీత. మా అవ్వ బావిలోంచి నీళ్ళు చేదిన కథ రాసిన పిల్లవాడికి 'విషయం నుంచి పక్కకు పోయావు' అని మార్కులు తగ్గడం నేను కళ్ళారా చూశాను. నీటి కరువు మీద వ్యాసంలో బావి కాకపోతే ఇంకేముంటుంది? ఈ పత్రిక పాత సంచికలు తిరగేసి చూడండి. 'చదువు విలువ' మీద ఎన్ని వ్యాసాలున్నాయో, అన్నీ ఒకే మనిషి రాసినట్టు ఎలా ఉన్నాయో! అలా పెరిగిన పిల్లవాడిని ఒక్కసారి "నీ గురించి చెప్పు" అంటే వాడికి కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పుడు జేబులో డబ్బుంటే అంగడికి పోతాడు, లేకపోతే ఫోనులో ఏ.ఐ. ని అడుగుతాడు. కామన్ యాప్ వాళ్ళు 2023 నుంచి, ఏ.ఐ. రాసిన దాన్ని సొంత రాతగా పంపడాన్ని మోసం కిందనే లెక్కపెట్టారు. దరఖాస్తు చివర ఇదంతా నా సొంత పనే అని సంతకం పెట్టాలి కూడా. అబద్ధం మీద సంతకం పెట్టి చదువు మొదలుపెట్టడం ఏం చదువు?

మన దగ్గర రాయడానికి ఏముంది అంటారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇదే.

చాలా కాలేజీలు అడిగే ప్రశ్న ఒకటుంది: నువ్వు పెరిగిన చోటు, నీ సమాజం నిన్ను ఎలా తయారుచేసింది? దీనికి అంగడి జవాబు ఇలా ఉంటుంది: "నేను బహుభాషా సమాజంలో పెరిగాను, అది నాకు సహనాన్నీ నాయకత్వాన్నీ నేర్పింది." ఇది హోసూరుకూ సరిపోతుంది, సింగపూరుకూ సరిపోతుంది. దేనికీ సరిపోదన్నమాట. నిజంగా మన ఊళ్ళో ఏం జరుగుతుంది? బస్టాండులో టికెట్టు తమిళంలో అడుగుతాం, పూల మండీలో బేరం కన్నడంలో పడుతుంది, చిల్లర తక్కువిస్తే తిట్టు మాత్రం తెలుగులోనే వస్తుంది. ఇంట్లో అవ్వ మాట్లాడే తెలుగు మన వాచకంలో లేదు, వాచకంలో తెలుగు అవ్వకు అర్థం కాదు. ఈ రెండు తెలుగుల మధ్య మూడో మనిషిగా నిలబడి అవ్వకు పాఠం చదివి చెప్పిన పిల్లకు 250 మాటలు చాలతాయా? చాలవు.

ఇంకోటి చెబుతాను. తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చింది. పదో తరగతి దాకా వచ్చేసరికి మనలాంటి అల్పసంఖ్యాక భాషల బడులవాళ్ళు కోర్టులకెక్కి మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాదికి పొడిగించింది. ఈ ఏడాది ఏ భాషలో పరీక్ష రాయాలో తెలీకుండా చదివిన పిల్లలు మన అన్నలు, అక్కలు. అది ఏడుపు కథ కాదు. తమిళం నేర్చుకోవడం వాళ్ళకు ఇష్టమే, తెలుగు వదలడమే ఇష్టం లేదు. రెంటి నడుమ వాళ్ళెలా దారి వెతుక్కున్నారో రాస్తే, భాషా శాస్త్రం చెప్పే ఏ కాలేజీ అయినా ఆగి చదువుతుంది.

మా వీధిలో చాలామంది అమ్మలు రోజా తోటల్లో పనికి పోతారు. కాడ పొడుగు కొలిచి వేరు చేసి, 20 పూలకు ఒక కట్ట కట్టాలి. మెడ వంగిన పువ్వు పెట్టెలోకి పోదు. ఫిబ్రవరి 14కు ముందు వారాల్లో రాత్రుళ్ళు కూడా పని ఉంటుంది. ఆ పూలు విమానమెక్కి పోతాయి. ఒక కాలేజీ "నిన్ను ఆలోచనలో పడేసిన విషయం ఏది?" అని అడిగితే, మెడ ఎందుకు వంగుతుంది, నీళ్ళు కాడలో పైకి ఎక్కకపోతే ఏమవుతుంది అని బయాలజీ వెతుక్కుంటూ పోయిన పిల్ల రాయొచ్చు. ఎవరెవరో ప్రేమికుల కోసం మా అమ్మ చలిలో ఎందుకు నిలబడింది అని ఎకనామిక్స్ వైపు పోయిన పిల్లా రాయొచ్చు. పువ్వు ఒకటే, వ్యాసాలు రెండు. ఏ అంగడివాడికీ ఈ రెండూ తట్టవు, ఎందుకంటే వాడు ఆ కట్ట కట్టలేదు.

అలాగని ఈ వ్యాసాలను పెట్టిన కాలేజీలు మహా పుణ్యాత్ములని నేను దండం పెట్టడం లేదు. మనిషి గుణం చూసి సీటిస్తాం అనే ఈ పద్ధతి పుట్టింది మంచి బుద్ధితో కాదు. ఒకప్పుడు అక్కడా ప్రవేశం పరీక్ష మార్కుల మీదే ఉండేది. యూదుల పిల్లలు బాగా చదివి ఎక్కువగా సీట్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1919లో కొలంబియా దరఖాస్తులో మతమేది, తండ్రి పుట్టిందెక్కడ అని అడగడం మొదలైంది. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలని బాహాటంగానే ప్రతిపాదించాడు. అది గొడవయ్యాక, హద్దు అనే మాట వదిలేసి 'నడవడి', 'వ్యక్తిత్వం' అనే మాటలు పట్టుకొచ్చారు. జెరోమ్ కారబెల్ అనే సమాజశాస్త్రవేత్త 2005లో 'ది చోజెన్' అనే లావుపాటి పుస్తకంలో ఈ చరిత్రంతా చెప్పాడు. మనవాళ్ళను లోపలికి రానివ్వకుండా ఉండటానికి 'సంస్కారం' చూడాలి అనే పెద్దమనుషులను మన ఊళ్ళోనూ చూశాం, కాబట్టి ఇది మనకు కొత్తగా అర్థం చేసుకోవాల్సిన సంగతి కాదు.

కానీ నూరేళ్ళలో అదే తలుపు కొంత తిరగబడింది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు, జాతిని బట్టి సీట్లు ఇవ్వకూడదని హార్వర్డ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పులోనే ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, తన జాతి తన బతుకును ఎలా తాకిందో విద్యార్థి స్వయంగా రాసుకుంటే దాన్ని చూడొచ్చు అని కూడా అన్నాడు. ఆ వెంటనే చాలా కాలేజీలు ప్రశ్నలు మార్చాయి. హార్వర్డ్ ఒక పెద్ద ఐచ్ఛిక వ్యాసం తీసేసి, అయిదు చిన్న ప్రశ్నలు తప్పనిసరి చేసింది. అంటే నువ్వెక్కడి నుంచి వచ్చావు అనే మాటకు ఇప్పుడు వ్యాసంలోనే చోటుంది. ఆ చోటును కూడా మనం అంగడివాడికి అప్పజెప్పుదామా?

'మా కాలేజీయే ఎందుకు' అనే ప్రశ్న గురించి ఒక మాట. మనవాళ్ళు ఇక్కడ పెళ్ళిచూపుల్లో మాదిరి పొగుడుతారు: మీది ప్రపంచ ప్రఖ్యాతి, మీ భవనాలు అందం, మీ ర్యాంకు గొప్ప. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. నీ వ్యాసంలో ఆ కాలేజీ పేరు కొట్టేసి పక్క కాలేజీ పేరు పెట్టి చదువు. అప్పుడూ సరిపోతే చింపెయ్. అక్కడ ఏ పాఠం చెబుతారు, ఏ ల్యాబులో ఏం చేస్తారు, నీ మొక్క ప్రశ్నకో భాష ప్రశ్నకో అక్కడ ఎవరి దగ్గర జవాబు దొరుకుతుంది అని వాళ్ళ కోర్సుల పట్టిక కూర్చొని చదివితేనే అది వస్తుంది. రెండు సాయంత్రాల పని. యేల్ దీనికి 125 మాటలే ఇస్తుంది. మన పరీక్షలో సెలవు చీటీ అంతకన్నా పొడుగు రాస్తాం!

ఇక అమ్మానాయనలకు. "మా బిడ్డ ఇంగ్లీషు చాలదమ్మా, అందుకే రాయిస్తాం" అంటారు. అక్కడ చదివేవాళ్ళు వ్యాసం ఒక్కటే చదవరు. మార్కుల పట్టిక, అయివారి సిఫారసు ఉత్తరం, ఇంగ్లీషు పరీక్ష మార్కులు అన్నీ పక్కపక్కన పెట్టుకుంటారు. తెలుగు మీడియం పిల్ల ఉన్నట్టుండి లండన్ దొరసాని మాదిరి రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందు తెలుగులో రాయండి, అవ్వతో చెప్పినట్టు. తరవాత మీరే మీకొచ్చిన ఇంగ్లీషులోకి మార్చండి. ఇంగ్లీషు టీచరు స్పెల్లింగు, కాలాలు దిద్దితే తప్పులేదు. ఆమె మాటలు మీ నోట్లో పెడితే తప్పు.

ఇంకో భయం డబ్బు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల విదేశీ పిల్లల విషయంలో కూడా డబ్బుందా లేదా అని చూడకుండా సీటిచ్చి, సీటు వచ్చాక ఇంటి శక్తి చూసి మిగతా ఖర్చు వాళ్ళే భరిస్తారు. సీట్లు మాత్రం చాలా తక్కువ. హార్వర్డ్‌లో నూటికి ఐదుగురిక్కూడా రావు. కాబట్టి ఇది లాటరీ టికెట్టు అనుకొని ఇల్లు తాకట్టు పెట్టొద్దు. కానీ రోజా కట్టలు కట్టే అమ్మ బిడ్డ దరఖాస్తు పెట్టకుండానే ఓడిపోనక్కర్లేదు. రాకపోయినా ఈ రాత ఎక్కడికీ పోదు. అశోకా లాంటి మన విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లోనూ వ్యాసాలున్నాయి, స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూలో ఎదురయ్యే మొదటి ప్రశ్నా ఇదే. అక్కడ కన్సల్టెన్సీ మేడం మన పక్కన కూర్చోదు.

హెడ్మాస్టరు గారికి నా మనవి చిన్నది. కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. కాలిఫోర్నియా గడువు నవంబరు చివర, చాలా కాలేజీలది జనవరి మొదట్లో. మధ్యలో మాకు అర్ధసంవత్సర పరీక్షలు. అందుకని జూన్ నుంచి వారానికొక పీరియడు, లైబ్రరీలో, బోర్డు మీద ఏమీ రాయకుండా, సుద్దముక్క కూడా లేకుండా మాకివ్వండి. అమెరికాకు పోయేవాళ్ళకే కాదు, పదకొండు, పన్నెండు తరగతులు రెంటికీ. మొదటి వారం ప్రశ్న నేనిస్తాను: కేవలం నీ సంతోషం కోసం చేసే పని ఏది? జవాబులు మార్కులు వెయ్యకుండా ఈ పత్రిక వచ్చే సంచికలో అచ్చు వెయ్యండి, ఎర్ర గీత లేకుండా.